మొగ్గ తొడగని చామంతితో జగ్గయ్యపేట దాకా

కాశీకి పోయినవాళ్లు గంగనీళ్లు తెస్తారు. తిరపతి పోయినవాళ్లు లడ్డు తెస్తారు. నేను జగ్గయ్యపేట పోయి చీకటి తెచ్చుకున్నాను.

నవ్వేవాళ్లు నవ్వండి. మా పల్లె రెడ్డిగూడెం పక్కనే. అక్కడి నుంచి జగ్గయ్యపేట ఏమంత దూరం కాదు. అయినా మా వీధి ఆడవాళ్లలో సగం మంది ఆ ఊరు చూడలేదు. మైలవరం దాటితే వాళ్లకి అదో దేశాంతరం. ఈ కథ వాళ్ల కోసమే. నాకు సంతకం మేరకే అక్షరాలు వచ్చు. నేను చెప్తుంటే మా ఎదురింటి పంతులమ్మ రాసి పెడుతోంది. నేనన్న తిట్లలో కొన్ని ఆవిడ మింగేసింది. మింగినవాటికి నా పూచీ లేదు.

ఎందుకు పోయానంటే

మా ఊరి అమ్మవారికి అరెకరం పూలమాన్యం ఉంది. దాన్ని ఎవరు సాగు చేసుకుంటే వాళ్లు కార్తీకంలో అమ్మవారికి చామంతులు ఇవ్వాలి. మిగిలిన పూలు అమ్ముకుని బతకొచ్చు. మా ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన చేశాడు, ఆయన పోయాక నేను చేస్తున్నాను. ఇందులో ఒక తమాషా ఉంది. మొగుడు పోయినదాన్ని కాబట్టి నేను పువ్వు తల్లో పెట్టకూడదు. దండ గుచ్చి అమ్మవారికి అందించకూడదు, అది ముత్తయిదువే చెయ్యాలి. అయితే పేడ మొయ్యడానికి, కలుపు తియ్యడానికి, నీళ్లు కట్టడానికి మాత్రం నా చేతులతో అమ్మవారికి ఏ అభ్యంతరమూ లేదు. పువ్వు విచ్చుకునేదాకా నేను పనికొస్తాను. విచ్చుకున్నాక పనికిరాను.

పోయినేడు ఆ మాన్యం గట్టు పక్కనే మా మరిది కోటయ్య కోళ్లఫారం పెట్టాడు. పెద్ద షెడ్డు, దాన్నిండా గుడ్లు పెట్టే కోళ్లు, దూలం పొడుగునా బల్బులు. కోడికి పగలు పొడుగ్గా ఉంటే గుడ్డు ఎక్కువ పెడుతుందట, అందుకని పొద్దుగూకాక కూడా రాత్రి సగం దాకా ఆ బల్బులు వెలుగుతాయి. మళ్లీ పుంజు కూయకముందే వెలుగుతాయి. సరే, వాళ్ల కోళ్లు వాళ్ల ఇష్టం. అదే ఏడు నా చామంతులు మొగ్గ తొడగలేదు. మొక్కలేమో మోకాలు దాటి ఏపుగా ఉన్నాయి, పురుగు లేదు, తెగులు లేదు. పువ్వు ఒక్కటే లేదు. ఎదర మూలన గడ్డివామి చాటున ఉన్న కాసిని మొక్కలు మాత్రం పూశాయి.

ఊరు ఊరంతా కారణం ఇట్టే తేల్చేసింది. విధవ చేతి మొక్క పూయదు. అంతకుముందు ఏడేళ్లూ ఇదే విధవ చేతి మొక్కలు పూశాయన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. ఈ ఏడు కార్తీకానికి కూడా పూలు రాకపోతే మాన్యం కోటయ్యకి ఇచ్చేస్తారట. కోటయ్య అందులో ఇంకో షెడ్డు వేసుకుని, అమ్మవారికి పూలు బజార్లో కొనిస్తాడట.

అంతటితో ఊరుకున్నారా? ఆ మూలన పూశాయంటే అమ్మవారు అక్కడ కొలువైనట్టే అన్నారు. గడ్డివామి తీయించారు. ఒక రాయి నిలబెట్టి, పసుపు రాసి, రాత్రంతా దీపం వెలగాలన్నారు. నూనె దీపం గాలికి నిలవదు కదా, కోటయ్య తన ఫారం నుంచి తీగ లాగి వంద క్యాండిళ్ల బల్బు కట్టించాడు.

"కరెంటు నాది వదినా, పుణ్యం నీది," అన్నాడు.

ఈ ఏడు వినాయక చవితి వెళ్లింది. చుట్టుపక్కల తోటల్లో మిరియపు గింజల్లా మొగ్గలు కనబడుతున్నాయి. నా తోటలో ఆ పుణ్యం మూలతో సహా ఒక్క మొగ్గ లేదు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద? పిలకలు అమ్మిన జగ్గయ్యపేట శెట్టిగారి మీద. గొడ్డు మొక్కలు అంటగట్టాడని తీర్మానించుకున్నాను. సాక్ష్యానికి ఒక మొక్కని వేళ్లతో పెకలించి, తడిగోనె చుట్టి, ప్లాస్టిక్ బకెట్లో నిలబెట్టి బయలుదేరాను. కాబట్టి ఇది యాత్ర అనుకోకండి. దెబ్బలాటకి పోయాను.

కీసర దగ్గర ఎక్కినావిడ

బస్సులో కండక్టరు నా బకెట్టు చూసి ఆగాడు.

"దీనికి లగేజి టిక్కెట్టు కొట్టాలమ్మా."

"బకెట్టుకా, మొక్కకా?"

"రెండిటికీ."

"మొక్కేమన్నా సీట్లో కూర్చుందా నాయనా? నా ఒళ్లో కూర్చుంది. ఒళ్లో పిల్లకి టిక్కెట్టు కొడతావా?"

"పిల్లయితే ఏడుస్తుంది, ఇది ఏడవట్లేదుగా," అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ నవ్వులో టిక్కెట్టు సంగతి మర్చిపోయాడు. మర్చిపోయినట్టు ఊరుకున్నాడేమో కూడా. మంచివాడు.

హైవే ఎక్కాక కీసరలో ఒకావిడ ఎక్కి నా పక్కన కూలబడింది. పేరు మాణిక్యమ్మ. చంకలో బట్టసంచి, సంచిలో కాగితాలు, కాగితాల మీద పెరుగన్నం డబ్బా. వంతెన కింద మునేరు బురదనీళ్లతో నిండుగా పోతోంది. ఆవిడ దానికో దణ్ణం పెట్టి నా మొక్క వైపు తిరిగింది.

"ఎంత ఏపుగా ఉందండీ! పువ్వేదీ?"

"పువ్వు కోసమే పోతున్నానండీ."

"నందిగామ కోర్టుకా?"

"మొక్క మీద ఎవరైనా కేసు వేస్తారా అండీ?"

"ఎందుకు వెయ్యకూడదు? మేం గట్టు మీద వేశాం. గట్టు వరదకి ఎప్పుడో కొట్టుకుపోయింది. కేసు మాత్రం గట్టిగా ఉంది."

ఆవిడ ఏళ్ల తరబడి వాయిదాలకి తిరుగుతోందట. ప్రతివాది సొంత బావగారే. వాయిదా రోజున ఇద్దరూ ఒకే బస్సెక్కుతారట. ఆయన ముందు సీట్లో ఉన్నాడని చూపించింది. పెద్దమనిషి కిటికీ పక్కన నిద్రపోతున్నాడు. నందిగామ వచ్చేసరికి ఈవిడే లేచి వెళ్లి ఆయన భుజం తట్టి, "బావగారూ, దిగాలి," అని లేపింది. మా ఊళ్లో తగువంటే ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. ఆ పక్కన మర్యాదలు వేరు.

నందిగామ

నందిగామ పెద్ద ఊరు. మా మైలవరం కంటే ఒక వీసం ఎక్కువ మనుషులు, రెండు వీసాలు ఎక్కువ దుమ్ము. కోర్టు, కాలేజీలు, ఎరువుల కొట్లు అన్నీ రోడ్డు మీదే నిలబడి మనల్ని పిలుస్తున్నట్టుంటాయి. బస్టాండు ఎదురుగా టీ రెండు రూపాయలు. గ్లాసు చూస్తే మా ఊరి గ్లాసులో సగం. అదేమిటయ్యా అంటే, "ఇది స్పెషల్ అండీ," అన్నాడు. స్పెషల్ అంటే తక్కువ పోయడమని అక్కడ తెలుసుకున్నాను. ఇడ్లీలోకి వాళ్లిచ్చిన కారప్పొడి మాత్రం ఎప్పటికీ మర్చిపోను. నాలుక మీద వేసుకుంటే చెవుల్లోంచి వచ్చింది.

జగ్గయ్యపేట బస్సుకి ఇంకా పొద్దుందని ఎరువుల కొట్ల వరస చూస్తూ నడిచాను. ఒక కొట్టాయన నా బకెట్టు చూసి కొట్టు దిగి వచ్చాడు. ఆసుపత్రి ముందు గర్భిణీ స్త్రీని చూసినట్టు చూశాడు.

"పూత రావట్లేదా అమ్మగారూ?"

"మీకెలా తెలిసిందండీ?"

"మొహం చూస్తే తెలుస్తుందండీ."

నా మొహమా, మొక్క మొహమా అని అడగలేదు. సీసాలో ఎర్రటి మందు తెచ్చాడు. దాని మీద పువ్వు బొమ్మ, పక్కన నవ్వుతున్న ఆడపిల్ల బొమ్మ. ఇది కొడితే రాయి కూడా పూస్తుందన్నాడు. మా ఊళ్లో రాయికి ఇప్పటికే పూజ జరుగుతోంది, మళ్లీ పూత కూడా దేనికి అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. "కొనక్కర్లేదండీ, ఊరికే రుచి చూపిస్తా," అని మూతలో మందు పోసి, నీళ్లు కలపకుండా, నా మొక్క మీద చల్లేశాడు. ఊరికే వచ్చింది కదా అని నేనూ ఊరుకున్నాను.

ఈలోగా జగ్గయ్యపేట బస్సు నన్ను వదిలేసి పోయింది, తర్వాతది ఎంతసేపటికీ రాలేదు. సాయంత్రం కోర్టు దగ్గర మాణిక్యమ్మ మళ్లీ ఎదురైంది. కేసు వాయిదా పడిందట. అలవాటే కాబట్టి ఆవిడ మొహంలో ఏ విచారమూ లేదు. ఊళ్లో వాళ్ల చెల్లెలిల్లు ఉందని, ఒంటరిగా బస్టాండులో ఎందుకని లాక్కుపోయింది. ఆ చెల్లెలు నేనెవరో, ఏ ఊరో అడగకముందే కంచం పెట్టింది. గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, గడ్డపెరుగు. మా ఇళ్లల్లో ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, తర్వాత కంచం. ఇక్కడ కంచం ముందు వచ్చింది. ఆ ఇంట్లో నా నుదురు చూసి కూడా ఎవరూ ఏమీ అనలేదు.

పడుకునే ముందు మాణిక్యమ్మ అడిగింది: "ఒకవేళ ఆ శెట్టిగారి పిలకలు మంచివేనని తేలితే ఏం చేస్తారండీ?"

నేను దుప్పటి ముసుగు తన్నాను. పిలకలు మంచివైతే ఇక మిగిలేది నా చెయ్యే కదా.

జగ్గయ్యపేట, శెట్టిగారి కొట్టు

తెల్లారి చూస్తే నా సాక్ష్యం చచ్చిపోయి ఉంది. రాయిని పూయించే మందు నా మొక్కని వంకాయ కూరలా వాడ్చేసింది. అయినా బకెట్టు వదల్లేదు. శవాన్ని తీసుకుని పోలీసు స్టేషనుకి పోయినట్టు జగ్గయ్యపేటలో దిగాను.

ఆ ఊరు తెలంగాణకి గుమ్మం లాంటిది. బస్టాండులో సగం మంది మాట మనలాగే ఉంటుంది, సగం మందిది అవతలి గాలి. రిక్షా అతన్ని శెట్టిగారి కొట్టెక్కడంటే, "గా సందులకు పోయి ఎవ్వర్నడిగినా చెప్తరమ్మా," అన్నాడు. నిజంగానే ఎవర్నడిగినా చెప్పారు. ఆయన కొట్టు పూజసామాను హోల్‌సేల్. కర్పూరం, పసుపు, కుంకం, వత్తులు, సాంబ్రాణి. గుమ్మంలో అడుగు పెడితేనే సగం పాపం పోతుంది. ఊరి బయట ఆయనకో చామంతి తోట ఉంది. పిలకలు అక్కడివే.

నేను దారిపొడుగునా నూరుకుంటూ వచ్చిన మాటలన్నీ ఒక్కసారే వదిలాను. గొడ్డు మొక్కలన్నాను, కొంప ముంచారన్నాను, పంతులమ్మ రాయనివి కూడా అన్నాను. ఆయన అన్నీ విన్నాడు. దుకాణదారుడి ఓపిక భూదేవికి కూడా ఉండదు.

"ముందు కూర్చోండమ్మా. మజ్జిగ తాగండి. గొంతు తడి అయితే తిట్టు ఇంకా బాగా వస్తుంది." బకెట్లోకి తొంగి చూశాడు. "చచ్చిన మొక్క పూయలేదని నా మీద కోపమా?"

"నిన్నటిదాకా బతికే ఉందండీ."

"ఇవే పిలకలు కీసరలో ఇచ్చా, పరిటాలలో ఇచ్చా. అందరివీ పూశాయి. మీ తోటలో అసలు ఒక్కటీ పూయలేదా?"

"పోయినేడు ఒక మూల కాసిని పూశాయి."

"గొడ్డు పిలక మూల చూసుకుని పూస్తుందా అమ్మా?"

ఆ దెబ్బకి మజ్జిగ గ్లాసు ఎత్తి గడగడా తాగేశాను. శెట్టిగారు తగ్గి, లోపలికి కేకేశాడు.

"వాసవీ! నీ చామంతులు చూడ్డానికి ఒకావిడ వచ్చారు."

నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మా అమ్మాయండీ. పెద్ద చదువు. కామెర్లొచ్చి, నాలుగు నెలలుగా ఇంటి దగ్గరుంది. ఏం చదువమ్మా అంటే, లైటు వేసి ఆర్పితే జీవం లోపల ఏం మారుతుందో చూస్తుందట. ఆ మాత్రానికి యూనివర్సిటీ ఎందుకండీ? మా గుమాస్తా రోజూ పొద్దున లైటు ఆర్పి, సాయంత్రం వేస్తూనే ఉన్నాడు."

గోడౌను చీకట్లో

వాసవి వచ్చింది. సన్నంగా, పసుపు పచ్చగా, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. పత్యం తిని తిని నోరు చచ్చిపోయి, ఊసుపోక ఇంట్లోనే ప్రయోగం పెట్టుకుందట. చెయ్యి పట్టుకుని గోడౌనులోకి తీసుకుపోయింది. సాంబ్రాణి బస్తాల వెనక నల్లటి బట్టలు కట్టిన రెండు గదుల్లాంటివి ఉన్నాయి. రెండిట్లోనూ చామంతి కుండీలు.

"పిన్నిగారూ, ఇవి రెండూ మీ దగ్గరున్న పిలకలే. ఒకే రోజు నాటా. ఒకే మట్టి, ఒకే నీళ్లు. పగలు అన్నిటినీ ఎండలో పెడతా. సాయంత్రం లోపలికి తెస్తా, ఇవాళ ఇంకా బయట పెట్టలేదు. ముందు ఇది చూడండి."

మొదటి బట్ట తీసింది. ప్రతి కొమ్మ చివరా మొగ్గలు. ఆకుపచ్చగా, బిగువుగా, శెనగగింజంత. నేను తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అలవాటు.

రెండో బట్ట తీసింది. నా తోటే. మోకాలెత్తు ఆకు, ఒక్క మొగ్గ లేదు.

"తేడా ఏమిటి?" అన్నాను.

"వీటికి రాత్రి మధ్యలో కాసేపు బల్బు వేస్తా. అంతే."

"అంతేనా?"

"అంతే. చామంతి పగటిని లెక్కపెట్టదు పిన్నిగారూ, చీకటిని కొలుస్తుంది. ఆకు లోపల తలుపు గడియ లాంటి పదార్థం ఒకటుంది. వెలుతురు పడితే గడియ ఒకవైపు పడుతుంది, చీకట్లో మెల్లగా రెండోవైపుకి జారుతుంది. చీకటి చాలినంత పొడుగ్గా, తెగకుండా ఉంటే, పువ్వు పుట్టించే జన్యువు నిద్ర లేస్తుంది. మధ్యలో వెలుతురు పడిందా, గడియ మళ్లీ పడిపోతుంది. జన్యువు లేవదు. మొక్క మాత్రం ఆకు వేసుకుంటూ పోతుంది."

జన్యువంటే ఏమిటన్నాను. తాత ముక్కు మనవడికి వచ్చేది దానివల్లే అంది. ప్రతి జీవిలోనూ అలాంటివి వేలకి వేలు ఉంటాయట. అన్నీ ఎప్పుడూ పని చెయ్యవట. కొన్ని పని చేస్తుంటే కొన్ని పడుకుంటాయట. గవర్నమెంటు ఆఫీసులాగా అన్నాను. అక్కడైతే లైటు వేసినా లెయ్యరండీ అంది. ఆ పిల్ల నాకు నచ్చింది.

తర్వాత ఒక ఫోటో చూపించింది. గుండ్రటి గాజు పళ్లెం, అందులో రొట్టె పొంగించే ఈస్టు. సగం తెల్లగా, సగం నీలంగా ఉంది. మొక్క ఆకులో ఉండే ఆ గడియని తీసి ఈస్టులో పెట్టారట. ఎర్ర వెలుతురు పడిన చోట ఒక జన్యువు లేచి నీలం రంగు వచ్చింది, పడని చోట రాలేదు. ఇంకో రకం ముదురు ఎరుపు వేస్తే లేచింది కూడా పడుకుంటుందట. మందు లేదు, మంత్రం లేదు, ముట్టుకునేది లేదు. ఉత్త దీపం.

"దీని మీద ప్రపంచమంతా కుస్తీ పడుతున్నారు పిన్నిగారూ. ఎప్పటికైనా రోగాలకి కూడా పనికొస్తుందని ఆశ."

"అంతటి గడియ నా తోటలో ఎవరు వేశారే తల్లీ? మా చుట్టుపక్కల చీకటికేం తక్కువ? ఉన్నదల్లా మా మరిది కోళ్లఫారం."

ఆ పిల్ల ఫోటో పక్కన పెట్టింది. "కోళ్లఫారమా? రాత్రి లైట్లు వేస్తారా?"

"గుడ్ల కోసం వేస్తాడు."

"ఎంత దూరం?"

"గట్టు అవతలే. వెలుతురు నా తోటంతా పరుచుకుంటుంది. ఎంత బాగుంటుందో, పున్నమిలాగా."

"మరి పోయినేడు పూసిన మూల?"

"గడ్డివామి చాటు," అన్నాను.

"ఈ ఏడు అక్కడా రాలేదా? గడ్డివామి ఉందిగా?"

అమ్మవారి రాయి సంగతి, రాత్రంతా వెలిగే వంద క్యాండిళ్ల బల్బు సంగతి చెప్పాను. వాసవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికని ముందు అనుకున్నాను. కాదు, కళ్లలో నీళ్లు. తర్వాత నవ్వే వచ్చింది, ఇద్దరికీ వచ్చింది. పూయడం లేదని దిగులుపడి, పూయనివ్వని దాన్నే తెచ్చి నెత్తిన వేలాడదీసి, దానికి కొబ్బరికాయ కొట్టాం.

"మీ మరిదిగారు కోళ్లకి ఇంకా పొద్దుందని అబద్ధం చెప్తున్నారు. మీ చామంతులు కూడా దాన్నే నమ్ముతున్నాయి," అంది. "కోడికైతే కళ్లు మూసుకున్నా వెలుతురు తెలుస్తుంది, నెత్తి ఎముకలోంచి మెదడులోకి దిగుతుంది. అందుకే గుడ్డు పెడుతుంది. ఒకే బల్బు కోడిని తొందర పెడుతోంది, చామంతిని ఆపుతోంది."

కాసేపటికి అడిగాను. అడగడానికే ఇంత దూరం వచ్చానని అప్పుడు తెలిసింది.

"అయితే నా చెయ్యి కాదా తల్లీ?"

"మీ చేతికేమైంది?"

చెప్పాను. ఆ పిల్లకి కోపం వచ్చింది. పచ్చటి మొహం ఎర్రబడింది. నా రెండు చేతులూ తీసుకుని ఆ మొగ్గల మీద పెట్టింది.

"ఆకుకి మొగుడున్న చెయ్యి, లేని చెయ్యి తెలియదు పిన్నిగారూ. దానికి తెలిసింది వెలుతురు, చీకటి. ఇవాళ్టి నుంచి మీ తోటకి రాత్రి రాత్రిలా ఉంటే కార్తీకం వెళ్లేలోగా పూస్తాయి. ఆలస్యం చేస్తే నేను కూడా చెప్పలేను."

మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, అయినా ఆ పప్పుకి అంత రుచి ఎక్కడిదో శెట్టిగారి భార్యకే తెలియాలి. వాసవి కంచంలో మాత్రం మజ్జిగన్నం. నా కంచం వైపు చూసే చూపు దేశబహిష్కరణ పడ్డవాడి చూపులా ఉంది. వచ్చేటప్పుడు శెట్టిగారు బకెట్లోంచి చచ్చిన మొక్కని తీసి పారేసి, వత్తుల కట్ట ఒకటి వేసి ఇచ్చాడు. "తిట్టినందుకు," అన్నాడు. ఇంకా తిట్టి ఉంటే కర్పూరం కూడా వచ్చేదేమో.

తిరుగుదారి

వెళ్లేటప్పుడు మనుషుల్ని చూస్తూ వెళ్లాను, వచ్చేటప్పుడు బల్బుల్ని చూస్తూ వచ్చాను. నందిగామ దాటేసరికి మసక. పెట్రోలు బంకుల్లో, ధాబాల్లో లైట్లు వెలిగాయి. ప్రతి లైటు కింద ఏ మొక్క మోసపోతోందో అనిపించింది. ముందు సీటు ఆయన చదువుకోవడానికి బస్సులో లైటు వెయ్యమంటే, వద్దని అరవబోయి ఊరుకున్నాను.

ఇంటి దగ్గర

మొదట తెలివితక్కువగా నిజం చెప్పాను. పెద్దల్లో పెద్దాయన దగ్గరికి పోయి, చామంతికి చీకటి కావాలట బాబాయ్ అన్నాను.

"చీకటిలో పువ్వు పూస్తుందా? సూర్యుడికి దణ్ణం పెట్టే కులంలో పుట్టి ఏం మాటలే ఇవి? అమ్మవారి దీపం ఆర్పుతావా? ఉన్న పాపం చాలలేదా?"

జన్యువు సంగతి ఎత్తాను. జగ్గయ్యపేటలో నీకేదో పెట్టారన్నాడు. పప్పు పెట్టారన్నాను.

అప్పుడు తెలిసింది. వాసవి గడియ ఆకులో ఉంది, మా ఊరి మనుషుల్లో గడియ వేరే చోట ఉంది. దాన్ని తిప్పేది వేరే వెలుతురు. కోటయ్య ఫారం దగ్గర దాణా బస్తాలు దింపిస్తున్నాడు. పోయి గట్టు మీద కూర్చున్నాను.

"కోటయ్యా, జగ్గయ్యపేటలో పెద్ద చదువు పిల్ల ఒకటి కోళ్ల గురించి చెప్పిందయ్యా. నాకెందుకులే."

"ఏం చెప్పింది వదినా?"

"వెలుతురు కోడి నెత్తిలోంచి మెదడులోకి దిగితేనే గుడ్డట. షెడ్డు బయటికి పోయిన వెలుతురు ఏ కోడికీ పనికిరాదట. నీ షెడ్డు ఈ పక్కంతా తెరిచి ఉంది కదా, కరెంటు బిల్లు నీది, వెలుతురు చూస్తే నా చామంతుల మీద. కోడికి పోవాల్సింది మొక్కకి పోతోంది."

కోటయ్య దాణా బస్తాల మీద నుంచి చూపు తీసి నా తోట కేసి చూశాడు. అరెకరం నిండా తన గుడ్లు పరిచి ఉన్నట్టు చూశాడు.

"ఎన్నాళ్లబట్టి పోతోంది?"

"షెడ్డు కట్టినప్పట్నుంచి."

"అమ్మనీ! గోనె పరదా కడితే?"

"నాకేం తెలుసయ్యా, నువ్వు తెలిసినవాడివి." కాస్త ఆగి అన్నాను: "ఆ మూల బల్బు కూడా అంతే. వంద క్యాండిళ్లు, చుట్టూ ఒక్క కోడి లేదు. అమ్మవారి పేరున వెలిగే దీపం నీ షెడ్డులో ఉంటే ఆ పుణ్యం దేని మీద పడేదో."

"మరి రాయి దగ్గర చీకటైపోదూ?"

"గర్భగుడి ఎక్కడైనా వెలుతురుగా ఉంటుందా కోటయ్యా?"

ఆ సాయంత్రానికి గట్టు వైపు షెడ్డుకి నిలువెత్తు గోనె పరదాలు లేచాయి. పెద్దాయన అడ్డం చెప్పబోతే కోటయ్యే కూర్చోబెట్టి గర్భగుడి న్యాయం చెప్పాడట. బల్బు తీసుకెళ్లి కోళ్ల మధ్య కట్టి, దానికి పసుపు రాశాడు. ఆ రోజు నా తోట మీద మొదటిసారి రాత్రి పడింది. కటిక రాత్రి. నేను గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, చూడ్డానికేమీ లేక పోయి పడుకున్నాను.

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్పను. రోజూ కొమ్మ చివర్లు వేలితో తడిమేదాన్ని. ఏమీ లేదు, ఏమీ లేదు. దసరా వెళ్లాక ఒక పొద్దున వేలికి ఏదో గట్టిగా తగిలింది. ఆవగింజంత. పక్క కొమ్మ చూశాను, అక్కడా ఉంది. సాలు పొడుగునా వంగి నడుస్తూ పోయాను. నడుం పట్టేసింది గానీ లేవబుద్ధి కాలేదు.

కార్తీకం చివరి వారంలో తోట పచ్చగా విరగబూసింది. పెద్దలు వచ్చి గట్టు మీద నిలబడి చూశారు. మాన్యం నా చేతిలోనే ఉంచారు. అమ్మవారు గర్భగుడి కోరుకుందని, దీపం మార్చడం వల్ల శాంతించిందని వాళ్లు తేల్చుకున్నారు. పెద్దాయన నా చేతుల ప్రస్తావన మాత్రం మళ్లీ తేలేదు. కోటయ్య పెళ్లాం వచ్చి నా పూలు గుచ్చి అమ్మవారికి వేసింది. జగ్గయ్యపేట శెట్టిగారికి ఒక బుట్ట, అందులో వాసవికి వేరే పొట్లం కట్టి పంపాను.

మొన్న కోటయ్య గట్టు దగ్గర ఆపాడు. పరదాలు కట్టాక గుడ్లు పెరిగాయని ఊరంతా చెప్పుకుంటున్నాడు. పెరిగాయో లేదో కోళ్లకే తెలియాలి.

"వదినా, మిగతా మూడు వైపులా కూడా కట్టించమంటావా?"

ఆ మూడు వైపులా ఉన్నది ఒక దారి, ఒక వాగు, ఒక బీడు.

"అక్కర్లేదులే కోటయ్యా," అన్నాను. "గుడ్లు కారిపోయేది ఈ వైపు నుంచే."